వేమనను ఇంగ్లీషులో చెప్పిన బ్రౌన్ దొర



మా బాబుకు ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగు చదవడమే రాదు. పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినే మాట ఇది. ఒక భాష రావాలంటే ఇంకొకటి వదులుకోవాలా? చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కథ వినండి.

ఆయన 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో మద్రాసు చేరేనాటికి తెలుగు రాదు. కంపెనీ ఉద్యోగం కోసం నేర్చుకున్నారు, 1820లో కడపకు వచ్చారు. తర్వాత దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో వేమన పేరు కనబడింది. వెతికిస్తే ప్రతులు దొరికాయి కానీ, ఒకదానిలో ఉన్నట్టు ఇంకొకదానిలో లేదు. పండితులను కూర్చోబెట్టి అన్నీ సరిచూసి, పిసినారులను, దొంగ గురువులను, కులగర్వాన్ని ఎత్తిపొడిచే ఆ పద్యాలను ఇంగ్లీషు చేశారు. 1829లో 693 పద్యాలు అనువాదంతో సహా అచ్చయ్యాయి.

పండితుల జీతాలు సొంత డబ్బుతోనే ఇచ్చారు, అప్పులపాలయ్యారు. అయినా ఆగలేదు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. 1884లో లండన్‌లో కన్నుమూశారు.

ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన మనిషి తెలుగు కోసం అంత ఖర్చు పెట్టాడు. మన పిల్లలకు అది ఇంట్లోనే ఉచితంగా దొరుకుతుంది.

ఈసారి కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్లేటప్పుడు కారులో ఫోన్ పక్కన పెట్టించి, పిల్లలతో ఒక వేమన పద్యం చెప్పించండి. భావం ఇంగ్లీషులో చెప్పమనండి. మాట దొరక్క తడుముకుంటే తొందరపెట్టకండి. రెండు భాషలూ వచ్చేది అక్కడే.