మంఖకవి - విద్వత్పరీక్ష

శ్రీకంఠచరిత మహాకావ్యకర్త మంఖకుడు కాశ్మీరదేశీయుడు. జయసింహనృపతి (1128-1155) కాలమువాడు. మన్మథుని పౌత్రుడు, విశ్వావర్తుని కుమారుడు. శృంగారుడు, భృంగుడు, అలంకారుడు ఇతని అగ్రజులు. అలంకారుడు రాజాస్థానమున సాంధివిగ్రహికుడు. అలంకారసర్వస్వకర్త యగు రుయ్యకుడు మంఖకునకు గురువు.

గతించిన తండ్రి స్వప్నమున కనబడి శివుని కీర్తింపుమని యాదేశింపగా, త్రిపురసంహారము నితివృత్తముగా గొని మంఖకుడు 25 సర్గల కావ్యమును రచించెను. రాజస్తుతికై వాక్కును వెచ్చించు కవుల నితడు గర్హించినవాడు; కృతి శివార్పితము.

కావ్యము ముగిసిన పిమ్మట దానిని నేరుగా లోకమునకు విడువక, అన్న అలంకారుని యింట కూడిన విద్వత్సభకు కొనిపోయెను. తుదిసర్గ ఆ సభావృత్తాంతమే. సుమారు 30 మంది సభ్యులను పేరుపేరున, వారివారి విద్యలతో గూడ పేర్కొనెను. రుయ్యకుడు కలడు, జల్హణుడు కలడు. కల్యాణుడను పేర కానవచ్చునాతడు రాజతరంగిణీకర్త కల్హణుడే యని పరిశోధకుల తలంపు. వైయాకరణులు, మీమాంసకులు, తార్కికులు ఒక్క కావ్యమునకు శ్రోతలైరి.

ఇచట నొక సందేహము పొడసూపును. గృహము అన్నగారిది, పరీక్షకులలో ఒకడు గురువు, వృత్తాంతము వ్రాసినది కవియే. ఇట్టిది పరీక్ష యనిపించుకొనునా? సందేహము నిరాధారము కాదు. ఆ సర్గలో వినవచ్చునది ముఖ్యముగా ప్రశంసయే. కాని సభలో బంధుమిత్రులే కాక పరదేశీయులును ఉండిరి: కాన్యకుబ్జేశ్వరుడైన గోవిందచంద్రుని రాయబారి సుహలుడు, కొంకణాధీశుడైన అపరాదిత్యుడు పంపిన తేజకంఠుడు. వీరికి మంఖకుని మెప్పింపవలసిన పని లేదు. సుహలుడు అస్తమించు సూర్యబింబమును గూర్చి సమస్య నొసగెను, మంఖకుడు పూరించెను. ఇది వినోదమాత్రము కాదు. చదువబడిన కావ్యము నిజముగా నీతని చేతిదేనా యను ప్రశ్నకు సమాధానమచటనే లభించును. నేడు పరిశోధనవ్యాసములను అజ్ఞాతముగా పరిశీలించు విద్వాంసునకు ఈ సాధనము లేదు. పైగా మంఖకుని పరీక్షకుల పేర్లు కావ్యముతోపాటు నిలిచినవి. కావ్యము చెడ్డదైనచో వారికిని అపకీర్తియే.

కఠినపరీక్ష లేనిదే కవుల తారతమ్యము తెలియరాదని రెండవ సర్గలోనే చెప్పినవాడు మంఖకుడు. సభకు పోవుట ఆ మాటను చెల్లించుకొనుటయే.

రుయ్యకుడును సభలోని మెప్పుతో ఆగక, తన లక్షణగ్రంథమున శిష్యుని పద్యములను ఉదాహరించెను. మంఖకుడును సాంధివిగ్రహికపదవి నందినట్లు, శ్రీకంఠాలయమును మఠమును నిర్మించినట్లు కల్హణుడు తెలిపెను. 15వ శతాబ్దిలో జోనరాజు కావ్యమునకు వ్యాఖ్య రచించెను. ఆ వ్యాఖ్యతో గూడ 1887లో బొంబాయి కావ్యమాలలో ఇది ముద్రితమైనది.