డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు

రాచపుండని మన పెద్దలు భయముతో పలికిన కేన్సరు వ్యాధిని మందుతో నెదిరింపవచ్చునని లోకమునకు జూపినవారిలో మన తెలుగువాడొకడు గలడు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుప దలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున చదువుపై మనసు నిలువక, కాశిలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడువగా, తల్లి వెంకమ్మగారు వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు కృతార్థులైరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు గురియై, తక్కువ పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. సోదరులిద్దరు స్ప్రూ అను పేగుల వ్యాధిచే మరణించుట ఆయన మనసును మిక్కిలి కలచెను.

1923లో అమెరికా జేరి, ఆసుపత్రిలో రాత్రిపని చేయుచు హార్వర్డులో జదివిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. అచ్చట ఆయన బృందము తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము స్ప్రూకు మందయ్యెను. పిదప, ఆ యామ్లము కణములకు ఉపయోగపడకుండ నడ్డగించు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు వెలువడెను. అమినోప్టెరిన్‌ను బోస్టనులో డాక్టరు ఫార్బరు రక్తకేన్సరు గల పిల్లలకిచ్చి, 16 మందిలో 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గినదని 1948లో ప్రకటించెను. ఆ యేటనే ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు గుండెజబ్బుచే మరణించిరి. మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

మందు గలదని మనము ఏమరియుండరాదు. ఆ పిల్లల వ్యాధిని ఏ నియమమును ఆపజాలదు. మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పెద్దలకు నోట బుట్టు కేన్సరు అట్టిది కాదు. అది చాలవరకు బీడీ, జర్దా, గుట్కాలవలన గలుగునది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టి బ్రదుకు తల్లులను మేము నిందింపము. ఆ పొగను మాత్రము మీరంటవలదు. మద్యము మానుట, కూరలు పండ్లు దినుట, శరీరమునకు శ్రమ నిచ్చుట కూడ మేలు.

మూడు వారములైనను మానని నోటిపుండు, తెల్లని మచ్చ, రొమ్మున గడ్డ కనబడినచో వైద్యునికి జూపవలెను. ఏ బాధయు లేకున్నను, 30 ఏండ్లు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమున నోరు పరీక్షింపించుకొనవలెను. స్త్రీలు రొమ్మును, గర్భాశయ ముఖద్వారమును గూడ పరీక్షింపించుకొనవలెను. తొలిదశలో దెలిసిన వ్యాధి తరచుగ నయమగును. సిగ్గుచే దాచినది ప్రాణము దీయును.

విద్యార్థులారా! మీ తల్లిదండ్రులను ఆ పరీక్షకు దోడ్కొని పొండు. సుబ్బారావుగారిని స్మరించుటకు ఇంతకన్న మంచి మార్గము మాకు దోచుటలేదు.