డాక్టర్ ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్

ఫిన్లాండు దేశమందలి వాసా పట్టణంలో 1870వ సంవత్సరంలో జన్మించిన ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్, హెల్సింకీ నగరంలో వైద్యవిద్య నభ్యసించి అక్కడే వైద్యులుగా స్థిరపడ్డారు. 1924లో ఆలెండ్ ద్వీపాలకు చెందిన అయిదేళ్ల బాలిక ఆయన పరీక్షకు వచ్చింది. ఆమె అక్కచెల్లెళ్లలో కొందరు పసితనంలోనే రక్తస్రావంతో మరణించారు. హీమోఫీలియా అందామంటే అది ప్రధానంగా పురుషులను పీడించే వ్యాధి. ఈ కుటుంబంలోనో స్త్రీలే ఎక్కువగా బాధితులు.

ఆయన ఊహపై ఆధారపడక రక్తాన్నే ప్రశ్నించారు. ప్లేట్‌లెట్ల సంఖ్యలో లోపం లేదు. రక్తం గడ్డకట్టే కాలమూ ఇంచుమించు సాధారణమే. కాని చెవితమ్మెపై చిన్న గాటు పెట్టి, వెలువడే రక్తాన్ని అద్దుడు కాగితంతో తీస్తూ గడియారం చూసే డ్యూక్ పరీక్షలో మాత్రం స్రావకాలం విపరీతంగా పెరిగింది. అద్దుడు కాగితమూ గడియారమూ! నేటి ప్రయోగశాల విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చు.

అంతటితో ఆగక ఆ వంశంలోని 66 మంది వివరాలు సేకరించగా 23 మందిలో వ్యాధి కనిపించింది. ఇది వేరొక వంశపారంపర్య వ్యాధి అని 1926లో స్వీడిష్ భాషలో ప్రకటించారు. ఆ బాలిక మాత్రం దక్కలేదు. పదమూడేళ్ల ప్రాయంలో ఋతుస్రావం ఆగక మరణించింది.

లోపం రక్తరసంలోని ఒక ప్రోటీనులో ఉన్నదని తేలింది, ఆయన 1949లో కన్నుమూసిన తరువాతనే. ఆ ప్రోటీనుకు ఆయన పేరే పెట్టారు. దాని పరిమాణాన్నీ పనితీరునూ కొలిచి నేడు వ్యాధిని నిర్ధారిస్తున్నారు.