తడి మట్టికి కరెంటు పెట్టిన రాయిస్

ఫెర్డినాండ్ రాయిస్ పుట్టింది 1778లో, నేటి జర్మనీలోని ట్యూబింగెన్‌లో. ఉద్యోగం మాత్రం పరాయి గడ్డ మీద, మాస్కో యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా.

1807లో ఆయన తడి బంకమట్టిలో రెండు గాజు గొట్టాలు గుచ్చి, అడుగున ఇసుక వేసి, నీళ్లు పోశారు. రెండింటిలోనూ బ్యాటరీ తీగలు పెట్టారు. ప్లస్ వైపు నీళ్లు బురదయ్యాయి, మట్టం తగ్గింది. మైనస్ వైపు నీళ్లు తేటగానే ఉండి పైకి లేచాయి! మోటారు లేదు, పంపు లేదు. మరి తోసిందెవరు? మట్టిలోని సన్నటి రంధ్రాల గోడలకు రుణావేశం ఉంటుంది. వాటినంటుకున్న నీటిలో ధనావేశం పోగవుతుంది. కరెంటు దాన్ని మైనస్ వైపు లాగితే, మిగతా నీరూ వెంటబడి పోతుంది.

ఈ సంగతి 1809లో మాస్కో పత్రికలో ఫ్రెంచిలో అచ్చయింది. చదివినవాళ్లెందరో! 1812లో నెపోలియన్ దండు వచ్చినప్పుడు మాస్కోతో పాటు యూనివర్సిటీ కూడా తగలబడింది. 1816లో ఇంగ్లండ్‌లో పోరెట్ జంతువు పొరతో ఇదే మళ్లీ కనిపెట్టారు. ఎంత కరెంటుకు ఎంత నీరు కదులుతుందో వీడెమాన్ లెక్కతేల్చింది 1852లో. స్టుట్‌గార్ట్‌లో రాయిస్ కన్నుమూసిందీ ఆ ఏడాదే.

పంపులకు లొంగని బంకనేలల నుంచి నీరు లాగడానికి తర్వాత ఇంజనీర్లు వాడింది ఈ పద్ధతినే.