బెంగుళూరు నాగరత్నమ్మ

కావేరీ తీరంలోని తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు వందలాది గాయనీ గాయకులు ఒక్కచోట ఆసీనులై త్యాగరాజస్వామి పంచరత్న కృతులను ముక్తకంఠంతో గానం చేస్తారు. ఎవరు గొప్పవారో, ఎవరు సామాన్యులో అప్పుడు తెలియదు. ఆ నాదోత్సవానికి నెలవు కల్పించిన మహనీయురాలు బెంగుళూరు నాగరత్నమ్మ.

ఆమె 1878లో మైసూరు సమీపాన గల నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయినా సంగీత సాహిత్యాలలో విదుషీమణిగా ఎదిగారు. మద్రాసులో గాయనిగా అపారమైన కీర్తిని, ధనాన్ని ఆర్జించారు. ముద్దుపళని కావ్యమైన ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రకటించారు.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన సమాధి శిథిలావస్థలో ఉందని 1921లో గురువైన బిడారం కృష్ణప్ప ద్వారా తెలిసి, నాగరత్నమ్మ కలత చెందారు. స్వార్జితాన్ని వెచ్చించి అక్కడ ఆలయం నిర్మింపజేశారు. 1926లో దానికి కుంభాభిషేకం జరిగింది.

అయితే ఆరాధన జరుపుతున్న రెండు వర్గాలవారూ స్త్రీలు పాడడానికి సమ్మతించలేదు. గుడి కట్టించిన ఆమెకే గానార్చన చేసే భాగ్యం లేకపోయింది. ఆమె నిరాశ చెందక, 1927లో స్త్రీలను కూడగట్టి ఆలయం వెనుక భాగాన వేరుగా ఆరాధన ప్రారంభించారు. చివరకు 1940లో మూడు వర్గాలూ ఏకమయ్యాయి. నాటినుండి స్త్రీపురుషుల కంఠాలు అక్కడ కలిసి పలుకుతున్నాయి.

యావదాస్తిని స్వామి సేవకు అర్పించి, 1952లో ఆమె పరమపదించారు. ఆమె సమాధి నేటికీ త్యాగరాజస్వామి సన్నిధికి అభిముఖంగా ఉంది.