అక్షరాలకు రంగులు చూసిన రచయిత: వ్లదీమిర్ నబకోవ్

'అ' అనే అక్షరం ఏ రంగులో ఉంటుందని మిమ్మల్ని అడిగితే ఏం చెబుతారు? పుస్తకంలో నల్లగా, పలక మీద తెల్లగా ఉంటుందంటారు. కాని కొద్దిమందికి ప్రతి అక్షరమూ తనదైన రంగుతో తోస్తుంది. సిరా ఏదైనా వారికి ఆ రంగు మారదు. దీనిని సినస్థీషియా అంటారు. ఇది జబ్బు కాదు. ప్రసిద్ధ రచయిత నబకోవ్ అలాంటివారే.

ఆయన 1899లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, సంపన్న కుటుంబంలో జన్మించారు. ఇంట్లో ఇంగ్లీషు ఆయాలు ఉండేవారు. అందుచేత మాతృభాష కంటే ముందు ఇంగ్లీషు చదవడం వచ్చింది. కొడుకు రష్యన్ చదవలేడని తెలిసి తండ్రి కలవరపడ్డారు. ఊరి బడిపంతులును పిలిపించి రష్యన్ చెప్పించారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఏడో ఏడు నడుస్తుండగా ఒకనాడు ఆ పిల్లవాడు అక్షరాల దిమ్మలతో గోపురం కడుతున్నాడు. వీటి రంగులన్నీ తప్పుగా ఉన్నాయని తల్లితో అన్నాడు. మరో తల్లి అయితే నవ్వి ఊరుకునేదేమో. ఈమె నవ్వలేదు. ఆమెకూ అక్షరాలు రంగుల్లోనే తోచేవి. ఇద్దరూ పోల్చి చూసుకుంటే కొన్ని అక్షరాల రంగులు కలిశాయి. ఆమెకు సంగీత స్వరాలకూ రంగులుండేవి. కొడుక్కు ఆ స్వరాలు ఏ రంగూ చూపలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఎవరూ అక్షరాలతో పుట్టరు. నేర్చుకుంటేనే అక్షరం వస్తుంది. మరి దానికి అంటిన రంగు పుట్టుకతో వచ్చిందా, చదువుతో వచ్చిందా? రెండింటికీ పాత్ర ఉంది. ఈ స్వభావం తరచుగా కుటుంబాల్లో కనిపిస్తుంది. ఏ అక్షరానికి ఏ రంగు అన్నది మాత్రం చదువు నేర్చే ఏళ్లలో మెల్లగా కుదురుకుంటుంది. 2009లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన చూడండి. ఇలాంటి పిల్లలకు ఆరేడేళ్ల వయసులో 26 అక్షరాలు, 10 అంకెలలో సుమారు 10 గుర్తులకే రంగు స్థిరపడింది. ఏడాది తరువాత ఆ సంఖ్య దాదాపు 17కు చేరింది.

అమెరికాలో కొందరికి చిన్ననాడు ఆడుకున్న అయస్కాంత అక్షరాల రంగులే పెద్దయ్యాక కూడా ఉండిపోయాయని 2013లో పరిశోధకులు గమనించారు. నబకోవ్‌కు మాత్రం దిమ్మల రంగులు అంటలేదు. ఆయన రంగులు అక్షరం శబ్దంతోను, ఆకారంతోను ముడిపడ్డాయి. ఇంగ్లీషు 'ఎ' ఎండకు వానకు ఆరిన కొయ్యలా ఉంటే, ఫ్రెంచిలో అదే అక్షరం నల్లగా నిగనిగలాడేది. రష్యన్‌లో 'ష' శబ్దానికి మూడు నిలువు గీతల అక్షరం ఒకటుంది. అది ఆయనకు బూడిదరంగు. ఇంగ్లీషులో అదే శబ్దాన్ని రెండు అక్షరాలతో రాస్తారు. ఆ జంటకూ రష్యన్ అక్షరపు రంగు సోకింది! బడిపంతులు చెప్పిన చదువు, ముందే వచ్చిన ఇంగ్లీషును తాకిందన్నమాట.

విప్లవం తరువాత 1919లో ఆ కుటుంబం ఆస్తులన్నీ వదిలి దేశం విడిచింది. నబకోవ్ కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. 1922లో బెర్లిన్‌లో తండ్రి హత్యకు గురయ్యారు. 1939లో తల్లి ప్రాగ్ నగరంలో కన్నుమూశారు. 1940లో భార్యాబిడ్డలతో అమెరికా చేరిన నబకోవ్ ఇక నవలలు ఇంగ్లీషులోనే రాశారు. 1955లో వచ్చిన 'లోలిటా' ఆయనకు పేరు, డబ్బు తెచ్చింది. పోయిన ఇంటిని, తల్లిని ఆయన 1951లో అచ్చయిన ఆత్మకథలో మళ్లీ నిలబెట్టారు. అక్షరాల రంగులూ అందులోనే ఉన్నాయి. 1954లో ఆ పుస్తకాన్ని రష్యన్‌లో తిరగరాసినప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఇంద్రధనుస్సుకు ఆయన తన రంగుల వరుసలో ఏడు అక్షరాలు కూర్చి సొంత మాట ఒకటి చేసుకున్నారు. రష్యన్ లిపిలో ఆ ఏడు అక్షరాలు వేరు. అందుచేత ఇంద్రధనుస్సుకు మరో మాట కూర్చవలసి వచ్చింది.

భార్య వేరాకూ అక్షరాలు రంగుల్లో తోచేవి, కాని అవి వేరే రంగులు. ఇంగ్లీషు 'ఎం' ఆయనకు గులాబి, ఆమెకు నీలం. కొడుకు దిమిత్రీని అడిగితే లేత ఊదా అన్నాడు. ఆ రెండు రంగులూ కలిపితే వచ్చేది అదే. తండ్రి దీనికి మురిసిపోయేవారు. మనం మాత్రం దీనిని ఒక ముచ్చటగానే తీసుకోవాలి, నియమంగా కాదు.

నబకోవ్ 1977లో స్విట్జర్లాండ్‌లో మరణించారు. 2009లో సినస్థీషియాపై ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిన గ్రంథానికి చివరిమాట రాసింది దిమిత్రీయే.