మీసాలున్న అమ్మ

1916లో గుజరాత్‌లోని వఢ్వాణ్‌లో ప్రాక్టీస్ చేస్తున్న ఓ వకీలు నల్లకోటు పక్కనపెట్టి, భావ్‌నగర్‌లో ఓ బడిలో పనికి చేరాడు. వయసు ముప్పై. ఇంట్లో భార్య, మూడేళ్ల కొడుకు. కోర్టు రాబడిని కాదని పంతులు జీతానికి పోవడం ఆ రోజుల్లో ఎవరికి చెప్పినా నమ్మేలా ఉండదు. ఇప్పుడు మాత్రం నమ్ముతారా? సాఫ్ట్‌వేర్ ఆఫర్ వదిలేసి ప్లే స్కూల్లో చేరతానని ఇంట్లో ఓసారి అని చూడండి, తెలుస్తుంది.

ఆయన పూర్తి పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. అందరికీ తెలిసిన పేరు గిజుభాయి. టెట్, డీఎస్సీ చదివేవాళ్లకు ఈ పేరు ఎక్కడో ఓ చోట తగిలే ఉంటుంది. ఒక మార్కు బిట్‌గా గుర్తుపెట్టుకుని ముందుకెళ్లిపోతాం. కానీ మనిషి బిట్‌లో పట్టేవాడు కాదు.

1885 నవంబర్ 15న సౌరాష్ట్రలోని చితల్ అనే ఊర్లో పుట్టాడు, భావ్‌నగర్‌లో పెరిగాడు. 1907లో, ఇరవై రెండేళ్లు కూడా నిండకముందే, పని వెతుక్కుంటూ ఓడెక్కి తూర్పు ఆఫ్రికా వెళ్లాడు. మా నందిపేట్, ఆర్మూర్ వైపు వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. డిగ్రీ కాగానే, ఒక్కోసారి కాకముందే, దుబాయ్ విమానం ఎక్కే పిల్లలు ప్రతి వాడకట్టులో ఉన్నారు. గిజుభాయి అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. తిరిగొచ్చి 1910లో బొంబాయిలో లా చదివాడు, ప్రాక్టీస్ పెట్టాడు.

1913లో కొడుకు పుట్టాడు. కథ మలుపు తిరిగింది అక్కడే. ఈ పిల్లాడిని ఎలా పెంచాలి, ఏ బడికి పంపాలి అని వెతకడం మొదలుపెడితే ఆయనకు నచ్చిన బడి ఒక్కటీ దొరకలేదు. చదువంటే బెత్తం, బట్టీ. అప్పుడే మరియా మాంటిస్సోరి విద్యా పద్ధతి గురించిన పుస్తకం ఒకటి చేతికొచ్చింది. ఇటలీకి చెందిన ఆ డాక్టరమ్మ రాసింది చదివాక లా పుస్తకాల మీద మనసు నిలవలేదు. నానాభాయి భట్ 1910లో భావ్‌నగర్‌లో మొదలుపెట్టిన దక్షిణామూర్తి సంస్థలో చేరిపోయాడు. నాలుగేళ్లు పెద్ద పిల్లలతో పనిచేశాక ఆయనకు అర్థమైంది ఏమిటంటే, భయం అప్పటికే వాళ్లలో గూడు కట్టేసింది. ఇంకా ముందు నుంచి మొదలుపెట్టాలి. అలా 1920లో చిన్నపిల్లల కోసం బాలమందిర్ తెరిచాడు. అక్కడ కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. ఆట, పాట, బొమ్మలు, తోట పని, అన్నిటికంటే ముందు కథ. పెద్ద మీసాల ఆ మనిషి చుట్టూ పిల్లలు చేరే తీరు చూసి జనం ఆయనకు మీసాలున్న అమ్మ అని పేరు పెట్టారు. గుజరాతీలో మూఛాళీ మా.

ఒక సంగతి గమనించాలి. గిజుభాయి మాంటిస్సోరి భక్తుడే గానీ గుడ్డి భక్తుడు కాదు. చిన్న వయసులో పిల్లలకు కల్పిత కథలు, మాట్లాడే జంతువులు వద్దనేది ఆవిడ అభిప్రాయం. గిజుభాయి ఇక్కడ గురువుతో తేడాపడ్డాడు. మన ఊళ్లలో అవ్వలు, తాతలు చెప్పే కథల్లోనే పిల్లవాడి మనసుకు దారి ఉందని నమ్మాడు. గుజరాతీ జానపద కథలు వెతికి, పిల్లలకు చెప్పి, వాళ్ల ముఖాలు చూసి, మళ్లీ రాశాడు. కథ ఎలా చెప్పాలన్న దాని మీదే వార్తాను శాస్త్ర్ అని ఒక పుస్తకం రాశాడు. గుజరాతీలో వార్త అంటే కథ. మొత్తం చిన్నా పెద్దా కలిపి రెండు వందల దాకా పుస్తకాలు అంటారు. ఇంకొకరి ఫ్రేమ్‌వర్క్ తీసుకుని, లోకల్‌గా పనిచేయని మాడ్యూల్ తీసేసి, సొంతది పెట్టుకోవడమే ఇది. ఇంజినీరింగ్ బుర్రకు అలాగే తడుతుంది మరి.

ఆయన చెప్పిన కథల్లో ఏడు తోకల ఎలుక కథ ఒకటుంది. ఎలుక పిల్ల బడికి పోతుంది. ఏడు తోకలని పిల్లలు ఏడిపిస్తారు. ఏడుస్తూ ఇంటికొస్తే తల్లి, మంగలి దగ్గరికి పోయి ఒకటి కోయించుకో పో అంటుంది. మర్నాడు ఆరు తోకలని ఏడిపిస్తారు. ఇంకొకటి పోతుంది. ఐదు, నాలుగు, మూడు... చివరికి ఒక్క తోక మిగిలినా ఊరుకోరు. అదీ కోయించుకుంటే, తోక లేదని ఏడిపించడం మొదలుపెడతారు. అంతే కథ. చివర్లో నీతి లేదు.

ఇప్పుడు ఈ కథ బొమ్మల పుస్తకాలుగా కూడా దొరుకుతుంది. నాలుగేళ్ల పిల్లతో దీన్ని చదివి చూడండి. లెక్క నేర్పడానికి ఇది బాగుంటుందని పెద్దవాళ్లం అనుకుంటాం, ఏడు నుంచి సున్నా దాకా కదా! కానీ పిల్ల చూపు ఎలుక ముఖం మీద ఆగుతుంది. పేజీ తిప్పకుండా మనమూ అక్కడే ఆగాలి. ఎలుకకు ఎట్లుందో అడగాలి, అడిగి ఊరుకోవాలి. జవాబు మనమే అందించేస్తే ఆట అక్కడితో అయిపోతుంది. నన్ను ఏడిపించారు అని నాలుగేళ్ల పిల్ల నేరుగా చెప్పలేదు. సిగ్గు అనే దానికి పేరుందని కూడా తెలియదు. ఎలుక గురించైతే చెప్పగలదు. కాసేపటికి ఎలుక మాయమై, అంగన్‌వాడీలో తన జుట్టు లాగిన పిల్లాడు మాటల్లోకి వస్తాడు. మాటల్లోకి వచ్చాక అమ్మ ఏదో ఒకటి చేయగలదు. కడుపు నొప్పి అని బడి ఎగ్గొడుతున్నన్ని రోజులూ ఎవరూ ఏమీ చేయలేరు.

మా జిల్లాలో దీని అవసరం ఇంకాస్త ఎక్కువే. నాన్న గల్ఫ్‌లో, అమ్మ బీడీల చాట ముందు, పిల్ల అవ్వ దగ్గర. ఇలాంటి ఇళ్లు ఎన్నో. నాన్న వీడియో కాల్‌లో కనిపిస్తాడు, ముట్టుకుంటే అద్దం తగులుతుంది. ఆ రాత్రి పిల్ల అన్నం తినదు. మొండి చేస్తోందంటారు. అది మొండి కాదు, రంది. మనకు పుస్తకాల్లోని భావోద్వేగాలు అనే పెద్ద మాట అక్కర్లేదు, ఇంటి మాటలే ఉన్నాయి: రంది, బుగులు, యాది, అలుక. పిల్లలకు కావలసింది ఆ మాటలే. బడి భాష కాదని వాటిని బయట పెట్టేస్తే పిల్లలకు మిగిలేది ఏడుపొక్కటే. జనం నోట్లో ఉన్న కథలు తెచ్చుకున్నాడంటే గిజుభాయికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఆయన కథల్లో ఆనందంగా ఉండే కాకి కథ కూడా ఫేమస్. రాజు దాన్ని ఎన్ని రకాలుగా శిక్షించినా పాడుతూనే ఉంటుంది. నాకైతే ఎలుకే ఇష్టం. ఎప్పుడూ నవ్వే కాకి పిల్లలకంటే మోటివేషనల్ స్పీకర్లకు ఎక్కువ పనికొస్తుంది.

1932లో వచ్చిన దివాస్వప్న ఆయన పుస్తకాల్లో అన్నిటికంటే పేరున్నది. తెలుగులో పగటి కల పేరుతో దొరుకుతుంది, చిన్న పుస్తకం. టీచర్ జాబ్ కోసం చదివేవాళ్లు గైడ్ల మధ్యలో ఓ రోజు దీనికి ఇవ్వొచ్చు. లక్ష్మీరామ్ అనే కల్పిత పంతులు విద్యాధికారిని ఒప్పించి, ఒక్క ఏడాది ప్రయోగానికి నాలుగో తరగతి తీసుకుంటాడు. మొదటి రోజే ఫెయిల్. నిశ్శబ్దం ఆట ఆడిద్దామనుకుంటే పిల్లలు రకరకాల కూతలు కూసి గోల గోల చేస్తారు. ఇంటికి పంపించేసి, రాత్రంతా ఆలోచించి, మర్నాడు పాఠం పక్కనపెట్టి రాజు కథ ఎత్తుకుంటాడు. క్లాసు దగ్గరికి జరిగి కూర్చుంటుంది. కథ ఆ రోజుతో అయిపోదు. మర్నాడు పిల్లలు ముందే వచ్చి కాచుకుంటారు. తోటి పంతుళ్లు నవ్వుతారు, సిలబస్ ఎప్పుడని అడుగుతారు. కథల నుంచి పుస్తకాలకు, పుస్తకాల నుంచి క్లాస్ లైబ్రరీకి, నాటకాలకు దారి వేస్తాడు. నాకు నచ్చింది ఆ మొదటి రోజు ఓటమిని దాచకుండా రాయడం. డెమో క్లాసులో చెమటలు పట్టినవాళ్లకు అది బాగా ఎక్కుతుంది.

1936లో ఆయన దక్షిణామూర్తి నుంచి బయటికొచ్చాడు. 1939 జూన్ 23న చనిపోయాడు, యాభై మూడేళ్లకే. అదే ఏడాది చివర్లో మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టింది. తన దారి మార్చిన మనిషిని సొంత దేశంలో చూసే అవకాశం కొన్ని నెలల్లో తప్పిపోయింది.

పని మాత్రం ఆగలేదు. భావ్‌నగర్‌లో ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం కేంద్రం పెట్టింది. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి పోవాలని ఇళ్ల ముందు, చెట్ల కింద తరగతులు నడిపింది. ఆంగన్ అంటే వాకిలి. 1975 అక్టోబర్ 2న కేంద్రం ఐసీడీఎస్ మొదలుపెట్టినప్పుడు పల్లె పల్లెకూ చేరిన పేరు అదే, అంగన్‌వాడీ. తెలుగులోనూ అదే కాలంలో ఇలాంటి ప్రయత్నం జరిగింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి 1945లో మద్రాసు నుంచి బాల పత్రిక తెచ్చారు. బాపు, ముళ్లపూడి పిల్లలుగా ఉన్నప్పుడే అందులో కనిపించారు.

ఇప్పుడు పుస్తకాలు దొరకవనే సాకు లేదు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం చవక ధరలకు పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తోంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. నోటిఫికేషన్ కోసం ఇంట్లో కూర్చుని చదువుతున్నవాళ్లకు పక్కింట్లోనో, అక్క ఇంట్లోనో మూడు నాలుగేళ్ల పిల్ల ఉండే ఉంటుంది. సాయంత్రం ఓ పదిహేను నిమిషాలు చాలు. బొమ్మల్లోని ముఖాల దగ్గర మాత్రం తొందరపడి పేజీ తిప్పకండి.